కాటా నుంచి లెక్కల గదికి ఒక తీగ



ఈసారి మలరు కాగితం మీద కాకుండా ఫోన్‌లోనే వస్తుందని చెప్పారు. అందుకని మమ్మల్ని కూడా "కొత్త సాంకేతికం" గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మాలో చాలా మందిమి ఎనిమిదో తరగతి దాటినవాళ్ళం కాము. పెద్ద పెద్ద మాటలు మాకు రావు. అయితే మా సంఘం ఆఫీసులో కాటా పక్కన అరచేతిలో పట్టే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉంది. దాన్ని మైక్రోకంట్రోలర్ బోర్డు అంటారు. దాని ఒక పక్క లాన్ తీగ దూర్చే చదరపు రంధ్రం ఉంటుంది. ఆ పలక ఏమిటి, మనకు ఎందుకు, దాన్ని ఏ షరతుల మీద ఇంట్లోకి రానియ్యాలి అనే మూడు సంగతులే ఈ పూట చెప్తాం.

ముందు మనం ఎవరమో పిల్లలకు తెలియాలి కాబట్టి రెండు మాటలు. తిరుత్తణి అంటే సుబ్రహ్మణ్యస్వామి కొండ, మెట్లు, ఆడి కృత్తికకు కావళ్ళు. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరు కూడా ఇదే. 1960 ఏప్రిల్ 1 దాకా మన తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండింది. సరిహద్దుల మార్పు చట్టం వచ్చి మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి వచ్చాం. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడ్డాక ఇక్కడివాళ్ళమయ్యాం. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా పళ్ళిపట్టు, పొదటూరుపేట, ఆర్.కె.పేట, అమ్మయార్‌కుప్పం వైపు మగ్గం చప్పుడు మారలేదు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. పడుగును పావు అన్నా, మగ్గాన్ని తరి అన్నా మనకు రెండూ సొంత మాటలే.

ఇప్పుడు మన పిల్లలు డిప్లొమా చదివి శ్రీపెరుంబుదూరు, ఒరగడం, గుమ్మిడిపూండి కంపెనీలకు పోతున్నారు. తెల్లవారకముందే కంపెనీ బస్సు వస్తుంది. అక్కడ వాళ్ళు ఫోన్లకు, కార్లకు కావలసిన ఇలాంటి పలకలనే బిగిస్తారు. రాత్రి ఇంటికి వచ్చి, గుంట మగ్గం మీద కూర్చున్న నాయనను చూసి "ఇది పాత పని" అంటారు. ఆ మాట నిజమా కాదా అనేది ఒకసారి చూద్దాం.

జాకార్డు మగ్గం నేసినవాళ్ళు అట్టలు చూసే ఉంటారు. అట్టలో రంధ్రం ఉంటే సూది లోపలికి పోతుంది, కొక్కెం లేస్తుంది, పడుగు పోగు పైకి వస్తుంది. రంధ్రం లేకపోతే పోగు కిందే ఉంటుంది. ఉంది, లేదు. ఈ రెండు మాటలతోనే మామిడి పిందె, హంస, గోపురం అన్నీ చీర అంచులో దిగుతాయి. ఫ్రాన్సు దేశంలో లియాన్ అనే పట్టు ఊరిలో 1725లో బూషాన్ అనే ఆయన రంధ్రాల కాగితం చుట్టతో ఈ పని మొదలుపెట్టాడు. తరువాత కొందరు దాన్ని మెరుగు చేశారు. 1804లో జోసెఫ్ మారీ జాకార్డు దాన్ని పూర్తి యంత్రం చేశాడు. ఆ అట్టల్ని చూసే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలతోనే ఆజ్ఞలు ఇవ్వాలని అనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హోలెరిత్ అనే ఆయన రంధ్రాల అట్టలతోనే తేల్చాడు. కంప్యూటరు పుట్టుకలో మగ్గానికి భాగం ఉంది. కాబట్టి పిల్లలు "పాత పని" అన్నప్పుడు, వాళ్ళు కంపెనీలో బిగించే పలకకు తాత మన జాకార్డు పెట్టె అని చెప్పండి.

ఇక మైక్రోకంట్రోలర్ అంటే ఏందంటే, ఒకే ముక్కలో ఇమిడిన చిన్న కంప్యూటరు. దీనికి పెద్ద తెర ఉండదు, సినిమా చూపించదు. ఒక పని అప్పగిస్తే పగలు రాత్రి అదే పని చేస్తుంది. బట్టలు ఉతికే మిషనులో, కరెంటు మీటరులో, స్కూటరులో ఇది ఉంటుంది. 2005లో ఇటలీలో ఇవ్రేయా అనే ఊళ్ళో ఆర్డుయినో అనే పలక వచ్చింది. ఇంజనీరింగ్ చదవనివాళ్ళు కూడా నేర్చుకోవాలనే ఉద్దేశంతో చేశారు. 2021లో ఇంగ్లండువాళ్ళ రాస్ప్‌బెర్రీ పై సంస్థ ఆర్‌పీ2040 అనే చిప్పు తెచ్చింది. లోపల రెండు మెదళ్ళు, 264 కిలోబైట్ల జ్ఞాపకం. మన ఫోను ముందు అది చీమంత. కాని కాటా అంకె చదివి పంపడానికి చీమంత చాలు.

ఆ చిప్పు పక్కనే దక్షిణ కొరియాకు చెందిన విజ్‌నెట్ సంస్థ డబ్ల్యూ5500 అనే ఇంకో చిప్పు పెట్టి, లాన్ తీగ దూర్చే జాక్‌తో సహా ఒకే పలక చేసింది. మా దగ్గర ఉండేది ఆ రకమే. ఇందులో సులువు ఏమిటంటే, తీగ మీద మాటలు పంపడానికి చాలా నియమాలు ఉంటాయి. ఎవరికి పంపుతున్నాం, అది చేరిందా, చేరకపోతే మళ్ళీ పంపాలా అనే పోస్టాఫీసు పనంతా ఆ రెండో చిప్పే చూసుకుంటుంది. ఒకేసారి ఎనిమిది సంభాషణలు నడపగలదు. మొదటి మెదడు "ఈ అంకె అక్కడికి పంపు" అంటే చాలు. ఈఎస్‌పీ32 అనే ఇంకో రకం చిప్పుతో కూడా లాన్ జాక్ ఉన్న పలకలు దొరుకుతాయి. మన పిల్లలు తిరుత్తణిలో లోకల్ రైలు ఎక్కి చెన్నై పోయి, మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో అడిగితే చూపిస్తారు. స్మార్ట్ ఫోను ధరలో ఇది చిన్న భాగమే.

"ఈ కాలంలో తీగ ఎందుకు, వైఫై ఉంది కదా" అని చాలా మంది అడిగారు. మా సంఘానికి ఒకరు వైఫై పెట్టెలు అమ్మడానికి కూడా వచ్చారు. వద్దన్నాం. కారణాలు చెప్తాం. మా గోడౌను ఇనుప రేకుల కప్పు, ఇనుప బీరువాలు. గాలిలో వచ్చే సంకేతం వాటికి తగిలి ఒక మూల అందుతుంది, ఒక మూల అందదు. పక్క షెడ్డులో మరమగ్గాల మోటార్లు ఒకేసారి మొదలైనప్పుడు అలజడి వేరే. వైఫై పాస్‌వర్డు ఒకరు మారిస్తే అన్నీ ఆగిపోతాయి. తీగకు ఆ బాధలు తక్కువ. అన్నిటికంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చదువు రానివాళ్ళు కూడా కళ్ళతో చూడవచ్చు. మా కాటా నుంచి బయలుదేరిన తీగ గోడ వెంబడి పోయి లెక్కల గదిలో కంప్యూటరు దగ్గర ఆగుతుంది. దాటి ఊరి బయటికి పోదు. ఇంటర్నెట్ అవసరం లేదు. మా లెక్క మా కప్పు కిందే ఉంటుంది.

ఈ తీగ గురించి నేతగాళ్ళకు చెప్పడం చాలా సులువు. ఒక లాన్ తీగ కోసి చూస్తే లోపల ఎనిమిది సన్న తీగలు, రెండు రెండుగా నాలుగు జతలు. ప్రతి జతా మన రెండు పోగుల నూలు మాదిరి పురి తిప్పి ఉంటుంది. నాలుగు జతలకు పురి ఒకే లెక్కలో ఉండదు, ఒక దానికి దగ్గరగా, ఒక దానికి ఎడంగా. ఎందుకంటే బయట మోటారు నుంచి వచ్చే అలజడి రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అవతలి చివర రెండింటికీ ఉన్న తేడాను మాత్రమే చదువుతారు కాబట్టి, సమానంగా పడింది కొట్టుకుపోతుంది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ 1881లోనే ఈ పురి తీగ ఉపాయం చెప్పాడు. 1973లో అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ కంప్యూటర్లను కలిపే ఈథర్నెట్ పద్ధతి మొదలుపెట్టారు. మొదట లావు కేబులు వాడేవారు. 1990లో ఈ పురి జతల తీగ మీద నడిపే ప్రమాణం వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా అదే.

చివర ప్లగ్గు బిగించేటప్పుడు రంగుల వరస తప్పకూడదు. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. మా పిల్లవాడు ఈ వరస చెప్పి "పెదనాన్నా, ఇది గుర్తుంచుకోవడం కష్టం" అన్నాడు. కష్టమేముంది? లుంగీ గళ్ళకు పడుగు రంగుల వరస కంఠతా పట్టే మా ఆడవాళ్ళు ఒకసారి విని అప్పగించారు. అందులో ఒకామె ప్లగ్గులు బిగించడం కూడా నేర్చుకుంది. పడుగు అతికే వేళ్ళకు అది పెద్ద పని కాలేదు. మా పలక వేగానికి ఎనిమిదిలో నాలుగు తీగలే, అంటే నారింజ జత, ఆకుపచ్చ జత మాత్రమే పని చేస్తాయి. అయినా ఎనిమిదీ బిగించాలి. తీగ ఒక్క పొడవు 100 మీటర్లు దాటకూడదు. కరెంటు వైరు పక్కనే కట్ట కట్టకూడదు, కనీసం ఒక జానెడు ఎడం ఉండాలి. ఎలుక కొరకకుండా ప్లాస్టిక్ గొట్టంలో వెయ్యాలి.

సరే, ఈ పలకతో ఏం చేస్తున్నాం? ఇక్కడే అసలు సంగతి. చేనేత సంఘంలో నమ్మకం నిలిచేదీ, తెగేదీ కాటా దగ్గర. నూలు తూకం వేసి ఇస్తాం. బట్ట తూకం వేసి తీసుకుంటాం. రెండింటికీ తేడా వస్తే తరుగు అంటాం. తరుగు హద్దు దాటితే నేతగాడి కూలిలో కోత. ఒకప్పుడు షావుకారుల కింద నేసిన కాలంలో ఈ తరుగు పేరు చెప్పి ఎన్ని ఇళ్ళలో అప్పు పెరిగిందో ముసలివాళ్ళకు తెలుసు. నూలు దొంగిలించాడని మాట పడ్డవాడు మళ్ళీ తల ఎత్తి నడవలేడు. మగ్గం అమ్మి వాచ్‌మన్ పనికి పోయిన వాళ్ళను చూశాం.

కాని నూలుకు ఒక గుణం ఉంది. అది గాలిలోని తేమను తాగుతుంది, వదులుతుంది. వ్యాపారంలో పత్తి నూలుకు 8.5 శాతం తేమ ఉండవచ్చని ప్రమాణం. అంటే 10 కిలోల నూలు కొంటే అందులో ఒట్టి పత్తి 9 కిలోల 217 గ్రాములు. మిగిలిన 783 గ్రాములు నీళ్ళే. గాలి ఎండిపోయి ఆ తేమ 6 శాతానికి దిగితే అదే నూలు 9 కిలోల 770 గ్రాములు తూగుతుంది. వానల్లో తేమ 11 శాతానికి ఎక్కితే 10 కిలోల 230 గ్రాములు దాటుతుంది. ఒక్క పోగు పోలేదు, ఒక్క పోగు చేరలేదు. కాటా మీద మాత్రం 460 గ్రాముల తేడా. ఐప్పశి వానల్లో నూలు తీసుకుని మాసి ఎండల్లో బట్ట తెచ్చినవాడు ఏ తప్పూ చెయ్యకుండానే తప్పు చేసినట్టు కనిపిస్తాడు. గంజి బరువు, అద్దకం బరువు వేరే లెక్క, అవి కలిస్తే ఇంకా చిక్కు.

పొడవుకు మాత్రం ఈ మాయ లేదు. ఒక చిలప అంటే 840 గజాలు. 40 నంబరు నూలంటే పౌనుకు 40 చిలపలు. ఈ లెక్క వానలో, ఎండలో ఒకటే. అందుకే పాత నేతగాళ్ళు తూకంతో పాటు చిలపలు ఎంచి తీసుకునేవారు. 10 కిలోలకు 40 నంబరులో 880 చిలపలకు పైగా వస్తాయి. అన్నీ ఎంచాలంటే ఒక పూట పోతుంది. అదే ఇబ్బంది.

మా సంఘంలో మగ్గం దిగిన ఒక పెద్దాయన దీనికి దారి చెప్పాడు. "ఒక కిలో నూలు కట్టను కాటా పక్కన గాలి తగిలేట్టు వేలాడగట్టండి. దాన్ని ఎవరికీ ఇయ్యొద్దు. దినమూ పొద్దున దాన్నే మొదట తూకం వెయ్యండి. అది ఎంత పెరిగితే అన్ని కట్టలూ అంత పెరిగినట్టే. అది ఎంత తగ్గితే అన్నీ అంత తగ్గినట్టే" అన్నాడు. మేము దానికి సాక్షి కట్ట అని పేరు పెట్టాం. లెక్క ఇట్లా ఉంటుంది. నూలు ఇచ్చిన దినం సాక్షి కట్ట 1020 గ్రాములు, బట్ట వచ్చిన దినం 980 గ్రాములు అనుకుందాం. 10 కిలోల నూలును 980తో హెచ్చించి 1020తో భాగిస్తే 9 కిలోల 608 గ్రాములు. అంటే 392 గ్రాములు గాలిలోకి పోయింది, నేతగాడి ఇంట్లోకి కాదు. ఆ 392 గ్రాములు తరుగు కిందికి రాదు.

ఈ హెచ్చవేత, భాగహారం ప్రతి మనిషికీ, ప్రతి తూకానికీ చెయ్యాలంటే గుమాస్తాకు చెయ్యి నొప్పి. పాత తేదీ సాక్షి అంకె కోసం పుస్తకం తిప్పాలి. రద్దీ దినం ఎవరూ చెయ్యరు. పలక వచ్చింది ఈ పనికే. మా సంఘం నేతగాడి కొడుకు ఒకడు పాలిటెక్నిక్ చదివి కంపెనీకి పోతున్నాడు. ఆదివారాలు కూర్చుని దీన్ని కట్టాడు. ఎలక్ట్రానిక్ కాటా వెనక ఆర్‌ఎస్-232 అనే రంధ్రం ఉంటుంది. కాటా తన అంకెను అందులోంచి చెప్తూనే ఉంటుంది. ఆ సంకేతం వోల్టేజి ఎక్కువ. 3.3 వోల్టుల మీద నడిచే పలకకు నేరుగా కలిపితే కాలిపోతుంది. మధ్యలో మ్యాక్స్3232 అనే చిన్న మార్పిడి ముక్క పెట్టాలి. పలక ఆ అంకెను చదివి, తేదీ, నేతగాడి నంబరు, ఆనాటి సాక్షి కట్ట అంకె కలిపి తీగ మీద లెక్కల గదికి పంపుతుంది. సవరించిన తూకాన్ని అక్కడే చిన్న తెర మీద చూపిస్తుంది.

కరెంటు పోతే? పోతుంది, మన ఊళ్ళలో తెలిసిందే. పలక పంపలేని అంకెల్ని తన జ్ఞాపకంలో రాసి పెట్టుకుంటుంది, కరెంటు వచ్చి అవతలి కంప్యూటరు లేచాక పంపుతుంది. గుండీ బ్యాటరీ ఉన్న గడియారం ముక్క ఒకటి దానికి కలపాలి, లేకపోతే తేదీ మరచిపోతుంది. కాటాను మాత్రం విప్పకూడదు. దాని మీద తూనికల శాఖ ముద్ర ఉంటుంది, ఆ సీలు తెంపితే నేరం. బయట రంధ్రంలోంచి వచ్చే అంకెతోనే సరిపెట్టుకోవాలి.

దీన్ని పెట్టే ముందు మా సర్వసభ్య సమావేశంలో గట్టి వాదన జరిగింది. అది జరగాలి కూడా. ఒక అక్క లేచి "అన్నా, ఈ పెట్టి మా నూలును లెక్క పెడుతుందా, మమ్మల్నే లెక్క పెడుతుందా?" అని అడిగింది. ఇంకొకరు "ఈ దినం కాటాకు తీగ కట్టారు, రేపు నా పలకకు, తొక్కుడు కర్రకు కడతారు. ఎన్నిసార్లు లేచాను, ఎప్పుడు నీళ్ళు తాగాను అని రాస్తారు" అన్నారు. ఆ భయం ఉత్తది కాదు. మన పిల్లలు పనిచేసే ఫ్యాక్టరీల్లో నిమిషం నిమిషం లెక్క ఉంటుంది. ఇంటి మగ్గానికి మిగిలిన ఒకే ఒక్క ఆస్తి, తన పొద్దు తన చేతిలో ఉండడం. కూలి తక్కువైనా చాలా మంది మగ్గం వదలనిది దానికోసమే. బిడ్డకు జ్వరం వస్తే మగ్గం ఆపవచ్చు. పండగకు ఆపవచ్చు. ఆ స్వేచ్ఛను ఒక తీగకు తాకట్టు పెట్టలేం.

అందుకని అయిదు షరతులు తీర్మానం పుస్తకంలో రాసి, అందరం సంతకాలు, వేలిముద్రలు పెట్టాం. ఒకటి, తెర నేతగాడి వైపు తిరిగి ఉండాలి. గుమాస్తా చూసే అంకె, నేతగాడు చూసే అంకె ఒకటే కావాలి. రెండు, పాసు పుస్తకంలో చేత్తో రాసి ఇవ్వడం ఆగకూడదు. యంత్రం చెడినా కాగితం ఉంటుంది. మూడు, ఎవరికి అనుమానం వచ్చినా ముద్ర ఉన్న బాటు పెట్టి కాటాను అప్పటికప్పుడు పరీక్షించమని అడిగే హక్కు ఉంది. నాలుగు, పలక కాటా దగ్గరే. ఇంటి మగ్గానికి, నేసే మనిషికి కట్టకూడదు. అయిదు, పలకకు రాసిన ప్రోగ్రాము ఒక్కడి దగ్గరే ఉండకూడదు. రెండు పెన్‌డ్రైవుల్లో నకలు, ఒకటి సంఘం బీరువాలో. కట్టినవాడు రేపు దూరం ఉద్యోగానికి పోయినా ఇంకో బిడ్డ విప్పి చూసుకోగలగాలి.

ఒక వాన కాలం, ఒక ఎండ కాలం గడిచాయి. తరుగు తగాదాలు పూర్తిగా పోయాయని చెప్పం. గంజి లెక్కలో ఇంకా మాట తేడాలు వస్తాయి. కాని ఎండల్లో బట్ట తెచ్చినవాళ్ళను అనుమానంగా చూడడం ఆగింది. ఆడవాళ్ళు సాక్షి కట్ట దగ్గర నిలబడి తామే అంకె చదివి చెప్తున్నారు. తెర మీద మాటలు తెలుగులో, తమిళంలో రెండింటా వస్తాయి. తమిళ బడిలో చదివే పిల్లలు అవ్వకు తెలుగు మాటను చూపించి "ఇది ఏమక్షరం" అని అడుగుతున్నారు. ఇది మేము అనుకోని లాభం.

మరమగ్గాలు పెట్టుకున్న మన బంధువులకూ ఈ పలక పనికొస్తుంది. వాళ్ళకు లెక్క వేరు. ఇరుసు ఒక చుట్టు తిరిగితే ఒక పేక పోగు పడుతుంది. ఇరుసుకు ఒక అయస్కాంతం ముక్క అతికించి, ఎదురుగా దాన్ని కనిపెట్టే సెన్సరు పెడితే చుట్లు ఎంచవచ్చు. అంగుళానికి 56 పేకలు అయితే మీటరుకు సుమారు 2205. 5.5 మీటర్ల చీరకు 12,126. నేసిన మీటర్ల మీద తగాదా ఉండదు. కరెంటు మీటరు మీద మిణుకుమనే ఎర్ర దీపం కూడా లెక్కే. ఎన్ని మిణుకులకు ఒక యూనిట్టో మీటరు మీదే రాసి ఉంటుంది. మన తమిళనాడులో రెండు నెలలకు మరమగ్గానికి 1000 యూనిట్లు, చేనేతకు 300 యూనిట్లు ఉచితం కాబట్టి, హద్దు ఎప్పుడు దాటుతున్నామో ముందే తెలుసుకోవచ్చు. అక్కడ కూడా ఒక మాట. చుట్లు మగ్గం యజమాని ఫోనుకు మాత్రమే పోయి, నేసే కూలివాడికి కనిపించకపోతే అది లెక్క కాదు, కాపలా.

ఎలక్ట్రానిక్ జాకార్డు కూడా వచ్చింది. అట్టల బదులు ప్రతి కొక్కేనికీ ఒక విద్యుదయస్కాంతం. డిజైన్ పెన్‌డ్రైవులోనో, తీగ మీదనో వస్తుంది. అట్టలు కొట్టించే ఖర్చు, వాటిని మోసే బరువు తగ్గుతాయి. కాళ్ళ నొప్పులున్న వాళ్ళకు మేలే. అయితే 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం మనకు రక్షణ. చేతితో, కాలితో నేసేదాన్నే చేనేత అంటున్నాం. నేసే కదలికను కరెంటుకు అప్పగిస్తే, ఆ రక్షణను మనమే వదులుకున్నట్టు. తూకం, రంగు నీళ్ళ వేడి, గోడౌను తేమ, లెక్కలు, వీటిని యంత్రానికి ఇద్దాం. నాడె కదిపే చేతిని ఉంచుకుందాం. ఇది మా సంఘం అభిప్రాయం, పెద్దలు చర్చించాలి.

"మనకెక్కడ వస్తుంది ఈ విద్య" అనేవాళ్ళకు చింతకింది మల్లేశం గారి పేరు చెప్తాం. తెలంగాణలో ఆలేరు ప్రాంతం నేతగాడు. బడి మధ్యలో మానినవాడు. ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి తిప్పి ఆసు పోసి భుజం పడిపోయిన తల్లిని చూసి ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశాడు. తల్లి పేరే దానికి పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా కూడా తీశారు. ఆయన యంత్రం నేతను తీసెయ్యలేదు. నేతలో ఒంటిని నలిపే భాగాన్ని మాత్రమే తీసుకుంది. తల్లి భుజం నొప్పి నుంచి మొదలైన యంత్రం కాబట్టి అది సరైన చోట ఆగింది. మనం ఏ పలక కొన్నా ముందు అడగవలసింది అదే. ఎవరి నొప్పి తీరుతుంది?

చివరగా సమాఖ్య పెద్దలకు మూడు మనవులు. మొదటిది, ఈ వార్షికోత్సవ సంవత్సరంలో తిరుత్తణిలో గాని, తిరువళ్ళూరులో గాని ఆదివారం శిక్షణ పెట్టండి. నాలుగు పలకలు, ఒక స్విచ్చు, కొంత తీగ, ప్లగ్గులు బిగించే ఒక పనిముట్టు ఉంటే చాలు. నేర్పేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు, కంపెనీ బస్సు ఎక్కి పోతున్నారు. రెండోది, కాటా ఉన్న ప్రతి సంఘంలో పలక ఉన్నా లేకపోయినా ఒక సాక్షి కట్ట వేలాడగట్టమని తీర్మానం చెయ్యండి. దానికి ఖర్చు ఒక కిలో నూలే. మూడోది, నేతగాళ్ళ లెక్కలు కోరి ఏ కంపెనీ వచ్చినా, ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరికి కనిపిస్తుంది అని ముందు అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

కొడుకులు, కూతుళ్ళు ఈ మలరును ఫోనులో చదివేటప్పుడు పక్కన కూర్చున్న అమ్మకు, నాయనకు పైకి చదివి వినిపించండి. తెలుగు అక్షరం రానివాళ్ళు వచ్చినవాళ్ళ చేత చదివించుకోండి. లెక్కల్లో మేము చెప్పిన అంకెలు మీరే వేసి చూడండి, తేడా వస్తే మా సంఘానికి వచ్చి అడగండి, కాటా దగ్గరే కూర్చుని మాట్లాడుకుందాం.